వద్దన్నవాళ్ళ పుస్తకం

పోస్టమ్మాయికి నలభై ఆరేళ్ళు. ఇంట్లో కూతురు కాలేజీకి వెళ్తోంది, తలలో సగం వెంట్రుకలు తెల్లబడ్డాయి, అయినా ఆ నాలుగు వీధులకీ ఆమె పోస్టమ్మాయే. "అమ్మాయ్ అని పిలిచేవాళ్ళున్నంత కాలం నాకు ముసలితనం రాదులెండి" అని తనే నవ్వేసేది. ఇరవై రెండేళ్ళుగా అదే సైకిలు, అదే బీటు. ఏ గేటు గడియ పైకెత్తి నెట్టాలో, ఏ కుక్క ఉత్తుత్తినే మొరుగుతుందో, ఏ కుక్క మొరక్కుండా పని కానిస్తుందో ఆమెకి కంఠతా వచ్చు.

అలాంటి మనిషికి ఒక సోమవారం పొద్దున, సంచీలో ఉత్తరాలు సర్దుకుంటుండగా, పోస్టుమాస్టరు ఒక కాగితం తెచ్చిచ్చాడు. ఇచ్చి, ఆమె మొహంలోకి చూడకుండా గోడ గడియారం వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆయన గడియారం చూశాడంటే చెప్పాల్సింది మంచి మాట కాదన్నమాట.

"ఏంటండీ ఇది?"

"ఫిర్యాదమ్మా. ప్రకటనల కంపెనీ వాళ్ళు పెట్టారు. నీ బీటులో ఒక ఇంటికి పద్నాలుగు వారాలుగా వాళ్ళ కాగితాలు ఒక్కటీ అందలేదట. శుక్రవారం విచారణ. పై ఆఫీసు నుంచి ఆఫీసరు వస్తున్నాడు."

"తేలితే?"

"బీటు తీసేస్తారు. సర్వీసు పుస్తకంలో ఎర్ర సిరా పడుతుంది. ఇంకోసారి ఏదైనా జరిగితే ఇక ఉద్యోగమే ఉండదు."

ఆ కాగితాల గురించి కాస్త చెప్పుకోవాలి, చెప్పబోతేనే ఒళ్ళు మండుతుంది గానీ. సోఫాలు సగానికి సగం తగ్గాయని ఒకటి, బట్టతల మీద అడవి మొలిపిస్తామని ఒకటి, 'అభినందనలు, మీరు ఎంపికయ్యారు' అని ఇంకొకటి. దేనికి ఎంపికయ్యామో దేవుడికే తెలియాలి. ఎవరూ అడగరు, ఎవరూ చదవరు. కానీ కంపెనీకీ పోస్టాఫీసుకీ ఒప్పందం ఉంది కాబట్టి ప్రతి ఇంటి డబ్బాలో వేసి తీరాలి. జనం మాత్రం కంపెనీని వదిలేసి డబ్బాలో వేసిన మనిషిని తిట్టేవాళ్ళు. "ఏమ్మా, మా ఇల్లేమైనా చెత్తకుండీలా కనిపిస్తోందా?" అని ముప్పై ఎనిమిదో నంబరు ఇంటి పళ్ళ డాక్టరు ఒకసారి గుప్పెడు కాగితాలు తిరిగి ఆమె సైకిలు బుట్టలోనే కుక్కాడు.

అన్నీ భరించింది. భరించలేనిది ఒక్కటే జరిగింది, అయిదేళ్ళ కిందట. వీధి చివర ఒంటరిగా ఉండే పిన్ని ఇంట్లో.

పిన్నంటే సొంత పిన్నేమీ కాదు. కుట్టుమిషను మీద బతుకు వెళ్ళదీసిన మనిషి. పిల్లలు లేరు. మొగుడు పోయి చాలా కాలమైంది. కళ్ళు మందగించి కుట్టుపని మానేశాక పలకరించేవాళ్ళూ తగ్గిపోయారు. పోస్టమ్మాయి బీటు మొదలుపెట్టిన కొత్తల్లో ఎండన పడి వస్తే మెట్ల మీద కూర్చోబెట్టి గ్లాసుడు నీళ్ళిచ్చింది. ఆ రోజు మొదలు పన్నెండు గంటలకి ఆ మెట్ల మీద పది నిమిషాలు కూర్చోకపోతే పోస్టమ్మాయికి డ్యూటీ చేసినట్టే ఉండేది కాదు. కూతురు పరీక్ష తప్పిన సంగతి మొగుడికన్నా ముందు పిన్నికే చెప్పుకుంది.

అయిదేళ్ళ కిందట ఒక వానరోజు, పిన్ని డబ్బా నిండి పొర్లిన నున్నటి రంగు కాగితాలు మెట్ల మీద పడ్డాయి. పిన్ని చూసుకోకుండా కాలు వేసింది. జర్రున జారింది. కుడి మణికట్టు పుటుక్కున విరిగింది. పోస్టమ్మాయే రిక్షాలో ఆస్పత్రికి తీసుకెళ్ళింది. కట్టు కట్టేముందు కాగితాల మీద సంతకం పెట్టాలంటే పిన్ని చెయ్యి లేవలేదు, పోస్టమ్మాయే పెట్టింది. 'రోగికి ఏమవుతారు' అన్నచోట ఒక్క క్షణం ఆలోచించి 'కూతురు వరస' అని రాసింది. ఆ కాగితాలు డబ్బాలో వేసిన చెయ్యి తనదే అన్న బాధతో రెండు రోజులు ఆమెకి అన్నం సయించలేదు.

మూడో రోజు పొడుగాటి నోటుబుక్కు ఒకటి కొంది. గీతలు కొట్టింది. ఇంటి నంబరు, తేదీ, 'నాకు ప్రకటనల కాగితాలు వద్దు', సంతకం. రాతపూర్వకంగా వద్దన్నవాళ్ళకి వెయ్యనక్కర్లేదని రూల్సులో ఒక మూల ఉంది. దానికి ఫారం అంటూ ఎవరూ చెయ్యలేదు, అంతే. మొదటి సంతకం పిన్నిదే. కుడిచేతికి కట్టు ఉంది కాబట్టి ఎడమచేత్తో, పోస్టమ్మాయి పుస్తకం కదలకుండా పట్టుకుంటే, చీమలు పాకినట్టు పెట్టింది. "ఇది చూస్తే నా సంతకమని నేనే నమ్మనే" అని ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు.

ఆ తర్వాత ఎవరు చెప్పారో గానీ వీధివీధంతా పుస్తకం వెతుక్కుంటూ వచ్చింది. అయిదేళ్ళలో నూట ముప్పై ఆరు ఇళ్ళు. పోస్టుమాస్టరు ఒకసారి పుస్తకం తిరగేసి, "నువ్వు చూపించలేదు, నేను చూడలేదు" అని తిరిగిచ్చేశాడు. ఆయన మెచ్చుకోవడమంటే అదే. కంపెనీ కట్టల్లో మిగిలిపోయినవి ఆమె పోస్టాఫీసు వెనక గదిలో గోతాల్లో మూటకట్టేది.

ఇన్నేళ్ళూ ఎవరికీ పట్టని సంగతి ఇప్పుడు కంపెనీకి ఎలా తెలిసింది?

"వాళ్ళకి వీధికొకరు చొప్పున మనుషులుంటారమ్మా," అన్నాడు పోస్టుమాస్టరు. "మామూలు ఇళ్ళవాళ్ళే. ఏ రోజు ఏ కాగితం వచ్చింది, ఎన్ని గంటలకి వచ్చింది, రాసి పంపుతారు. వాళ్ళెవరో మనకి తెలియకూడదు. చెప్తే వాళ్ళని తీసేస్తారు. కానీ ఒక్క మంచి మాట విన్నాను. ఫిర్యాదు పెట్టిన ఇల్లు నీ పుస్తకంలో ఉండి, ఆ ఇంటివాళ్ళు 'సంతకం మాదే' అంటే చాలు, కేసు కొట్టేస్తారు. ఇంకెవర్నీ అడగరు."

పోస్టమ్మాయి ఆ రోజంతా ప్రతి గేటునీ అనుమానంగా చూసింది. పళ్ళ డాక్టరేనా? మూతి ముడుచుకు కూర్చునే ప్లీడరు గుమాస్తానా? కిటికీ తెర వెనకనుంచి ఎప్పుడూ తొంగిచూసే లావుపాటావిడా? ఒక్క పూటలో సగం వీధి మీద నేరం మోపి, పన్నెండింటికి పిన్ని మెట్ల మీద కూలబడి గోడు వెళ్ళబోసుకుంది.

పిన్ని నీళ్ళ గ్లాసు చేతికిచ్చి, పక్కనే కూర్చుని అంతా వింది.

"ఎవరో తెలిస్తే జుట్టు పట్టుకుని అడిగేదాన్ని పిన్నీ. అదే చేత్తో నా పుస్తకంలో సంతకం పెట్టి, అదే చేత్తో నా మీద రాస్తారా? చేతులెలా వచ్చాయి?"

"వాళ్ళ ఇబ్బందులు వాళ్ళకుంటాయేమోనే."

"ఏం ఇబ్బంది? 'అమ్మాయ్, ఇకనుంచి కాగితాలు వెయ్యి' అని ఒక్క మాటంటే మర్నాటినుంచి దోసిళ్ళతో పోసేదాన్ని కదా!"

పిన్ని చీర కొంగుతో మోకాలి మీద లేని దుమ్ము దులిపింది.

"శుక్రవారం నువ్వొచ్చి చెప్తావా పిన్నీ? మొదటి సంతకం నీదే కదా. చెయ్యి ఎలా విరిగిందో, పుస్తకం ఎందుకు పెట్టానో చెప్తే ఆఫీసరు మనసు కరుగుతుంది."

"వస్తానే," అంది పిన్ని. "శుక్రవారం ఎలాగూ వస్తాను."

ఆ 'ఎలాగూ' ఎందుకో అడగాలని పోస్టమ్మాయికి తట్టనే లేదు. ఎందుకు తడుతుంది? గుండెలో బరువు దిగిపోయింది, సైకిలు కూడా తేలిగ్గా నడిచింది.

శుక్రవారం పోస్టాఫీసు వెనక గదిలో బల్ల వేశారు. మూలనున్న గోతాల మీద దుప్పటి కప్పారు, అది మరీ ఎబ్బెట్టుగా కనిపించింది. సోడాబుడ్డి కళ్ళద్దాల ఆఫీసరు ఫైలు విప్పాడు. గట్టి మనిషి, కానీ చెడ్డవాడిలా లేడు. పోస్టమ్మాయికి కుర్చీ వేయించాడు. ఆమె పిన్ని కోసం గుమ్మం వైపే చూస్తోంది.

"ముందు ఫిర్యాదుతో వచ్చిన రిపోర్టులు చదువుతాను, వినండి," అని ఆయన మొదలుపెట్టాడు. "మొదటి వారం, మంగళవారం. ప్రకటనలు అందలేదు. ఉద్యోగి వచ్చిన సమయం పన్నెండు అయిదు. వెళ్ళిన సమయం పన్నెండు ఇరవై. మెట్ల మీద కూర్చుంది. నీళ్ళు తాగింది."

పోస్టమ్మాయి గుమ్మం మీంచి చూపు తిప్పి ఫైలు వైపు చూసింది.

"బుధవారం. ప్రకటనలు అందలేదు. వచ్చింది పన్నెండు పది. కూర్చుంది. నీళ్ళు తాగింది. సొంత విషయాలు మాట్లాడింది. గురువారం. ఈ ఇంటికి ఉత్తరాలే లేవు. అయినా వచ్చింది. కూర్చుంది." ఆయన పేజీలు తిరగేశాడు. "ఇలాంటివి పద్నాలుగు వారాల్లో నలభై ఒక్క రోజులున్నాయి. ఉత్తరం లేకపోయినా ఆ ఇంటి దగ్గర ఆగారు. డ్యూటీ టైములో ఇది కూడా తప్పే కదమ్మా?"

ఆమె తలూపిందో లేదో ఆమెకే తెలియదు. ఆ బీటంతటిలో ఆమె నీళ్ళు తాగేది ఒక్క ఇంట్లోనే. సొంత విషయాలు మాట్లాడేదీ అక్కడే. తను కన్నీళ్ళు పెట్టుకున్న రోజు కూడా ఆ వరసల్లో ఎక్కడో ఉండే ఉంటుంది, వచ్చిన సమయం, వెళ్ళిన సమయంతో సహా.

అప్పుడు అవతలి తలుపులోంచి, కంపెనీ తరఫున వచ్చిన ఒక ఉద్యోగి వెంట, పిన్ని లోపలికొచ్చింది. ఇస్త్రీ చీర కట్టుకుంది. కంపెనీ ఉద్యోగి ఆమెకి కుర్చీ లాగి, "కూర్చోండి మేడమ్" అన్నాడు.

ఇంత జరిగినా పోస్టమ్మాయి మనసు ఆశ వదల్లేదు, పిచ్చి మనసు. రాస్తే రాసిందిలే. కాగితాలు రాలేదని రాసింది, రాలేదన్నది నిజమే కదా. ఇప్పుడు సంతకం నాదేనంటుంది, అంతటితో పీడా పోతుంది, ఆ తర్వాత మెట్ల మీద కూర్చుని కడిగేస్తాను అనుకుంది.

ఆఫీసరు పొడుగాటి పుస్తకం మొదటి పేజీ తెరిచి పిన్ని ముందు పెట్టాడు. "ఈ సంతకం మీదేనా అమ్మా?"

పిన్ని కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసింది.

"కాదండీ," అంది.

ఆయన రిపోర్టుల కింది సంతకాలనీ, పుస్తకంలోదాన్నీ పక్కపక్కన పెట్టాడు. రిపోర్టుల్లోవి కుదురుగా, కుట్టు వేసినట్టున్నాయి. పుస్తకంలోది వంకరటింకర. చిన్నపిల్లాడిని అడిగినా రెండూ ఒకటి కావనే అంటాడు. "కలవడం లేదు," అన్నాడాయన. పోస్టమ్మాయి వైపు తిరిగి, "మీరేమైనా అడగాలంటే అడగండి" అన్నాడు.

"పిన్నీ," అంది ఆమె. పిన్ని ఇటు తిరగలేదు. మళ్ళీ అంది. "పిన్నీ, నీ కుడిచేతికి కట్టుంది కదా అప్పుడు. ఎడమచేత్తో పెట్టావు. పుస్తకం నేను పట్టుకున్నాను. గుర్తులేదా? నవ్వుకున్నాం కూడా."

పిన్ని ఆఫీసరు వైపే చూస్తూ చెప్పింది. "చెయ్యి విరిగిన మాట నిజమేనండీ. ఎడమచేత్తో మాత్రం నేను దేనిమీదా సంతకం పెట్టలేదు." కాస్త ఆగింది. అక్కడితో ఆపినా బాగుండేది. "ఆస్పత్రి కాగితాల మీద కూడా నా బదులు ఆ అమ్మాయే పెట్టిందండీ. కూతురు వరసని రాసి."

"నిజమేనా?" అన్నాడు ఆఫీసరు.

"నిజమే," అంది పోస్టమ్మాయి.

"అంటే ఆవిడ బదులు సంతకం పెట్టడం మీకు ఇది మొదటిసారి కాదు."

ఏమని చెప్తుంది? తన జన్మలో చేసిన ఒకే ఒక్క మంచిపని చూపించమంటే ఆ ఆస్పత్రి సంతకాన్నే చూపించేది. దాన్నే ఇప్పుడు బల్ల మీద పెట్టి దొంగ సంతకమన్నారు. అలా బల్ల మీద పెట్టింది ఎవరో కాదు, ఆ సంతకంతో కట్టు కట్టించుకున్న మనిషే. ఇంత అన్యాయమా అని అరవాలనిపించింది.

మొదటి సంతకమే నకిలీ అయినప్పుడు మిగతా నూట ముప్పై అయిదింటినీ నమ్మడానికి లేదని ఆఫీసరు రాసుకున్నాడు. పుస్తకానికి తాడు కట్టి ఫైల్లో చేర్చాడు. బీటు తీసేస్తున్నామని, సోమవారం నుంచి లోపల కట్టలు విడదీసే పని చూడాలని చదివి వినిపించాడు. పోస్టుమాస్టరు మళ్ళీ గడియారం వైపు చూస్తున్నాడు.

వరండాలో పిన్ని ఆమె కోసం ఆగే ఉంది. కంపెనీ ఉద్యోగి బండి తీసుకురావడానికి వెళ్ళాడు.

"ఏమే, కోపమొచ్చిందా?" అంది, ఏదో కూరలో ఉప్పెక్కువైందా అన్నట్టు. "ఉద్యోగం పోలేదుగా. ఎండలో తిరిగే బాధ తప్పింది, నీడపట్టున కూర్చుంటావు."

పోస్టమ్మాయి ఆవిడ కుడి మణికట్టు వైపు చూసింది.

"ఈ పనిలో చేరేటప్పుడు కంపెనీవాళ్ళు రాయించుకున్నారే, నేనెక్కడా కాగితాలు వద్దనలేదని. అది నా సంతకమే అంటే నన్ను తీసెయ్యరూ? ప్రతి శుక్రవారం ఫోను చేస్తారే. 'మేడమ్, ఈ వారం ఏమొచ్చింది, ఏ రోజొచ్చింది' అని అడుగుతారు. నేను చెప్పిందంతా శ్రద్ధగా వింటారు. కళ్ళు మందగించాక నన్ను ఎవరైనా ఏదైనా అడిగారా? నా కోసం ఎదురుచూసే పని ఒక్కటి ఉందా నాకు?"

"నేను రోజూ వచ్చాను కదా పిన్నీ."

"నువ్వు నా కోసమొచ్చావా? ఉత్తరాలివ్వడానికొచ్చావు. నీ డ్యూటీకి నువ్వొచ్చావు."

అప్పుడొచ్చింది పోస్టమ్మాయికి ఏడుపు. విచారణ గదిలో రాని ఏడుపు ఆ వరండాలో తన్నుకొచ్చింది. తుడుచుకోలేదు.

"నలభై ఒక్క రోజులండీ," అంది. ఇరవై రెండేళ్ళలో ఆవిడని 'అండీ' అనడం అదే మొదటిసారి. "ఉత్తరం లేదు, అయినా వచ్చిందని మీరే రాశారు. మీ చేత్తోనే, తారీకులు వేసి. ఎందుకొచ్చాననుకుంటూ రాశారు?"

పిన్ని చెయ్యి చాచి పోస్టమ్మాయి భుజం పట్టుకోబోయింది, ఈమె అడుగు వెనక్కి వేసింది. బండి హారను మోగింది. "మేడమ్, రండి" అని పిలుపు వినిపించింది. పిన్ని ఒకటికి రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయింది.

సోమవారం బీటు ఇంకో పోస్టుమాన్‌కి, పొడుగాటాయనకి అప్పజెప్పారు. పక్క బీటులో పదేళ్ళు చేసిన మనిషి, నెమ్మదస్తుడు. పోస్టమ్మాయి అతనికి వీధుల వరస చెప్పింది, గేట్ల గడియల సంగతి చెప్పింది, కుక్కల సంగతి చెప్పింది. అతను అన్నీ చిన్న కాగితం మీద రాసుకుని, ప్రకటనల కట్ట వైపు చూసి గొంతు తగ్గించాడు.

"అక్కా, పుస్తకం పోతే పోయింది. వద్దన్నవాళ్ళెవరో నీకు నోటికొచ్చు కదా. నంబర్లు చెప్పు, నేనెవరికీ చెప్పను. ఆ ఇళ్ళు వదిలేస్తాను."

నంబర్లన్నీ వరసగా ఆమె నాలుక చివరిదాకా వచ్చాయి, ఒక్కటి తప్పకుండా. వాటితోపాటే ఆ ఇళ్ళ మొహాలూ వచ్చాయి. మంచివాళ్ళే అందరూ. మొన్నటిదాకా పిన్ని కూడా మంచిదే.

"వద్దన్నవాళ్ళెవరూ లేరు," అంది పోస్టమ్మాయి. "అన్నీ నేను పెట్టుకున్న సంతకాలేనట, వినలేదా? అందరికీ వెయ్యి."

కట్ట ఎత్తి తనే అతని సైకిలు బుట్టలో పెట్టింది.